అయిదు టీవీలు, ఒకే ఇల్లు: ఎంవీపీ కాలనీలోని ఒక ఉమ్మడి కుటుంబానికి చేసిన స్ట్రీమింగ్ అమరిక – కేస్ స్టడీ

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక ఉమ్మడి కుటుంబం ఇంట్లో అయిదు టీవీలకూ స్ట్రీమింగ్ సక్రమంగా అందేలా చేసిన పని వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇళ్లలో నెట్‌వర్క్ వైరింగు, టీవీల అమరిక నా వృత్తి. ఒకటికి మించి టీవీలున్న ఇళ్లలో వచ్చే చిక్కులు దాదాపు అన్నీ ఈ ఇంట్లో ఒకేసారి కనిపించాయి. పైగా ఒక చిక్కు లక్షణాన్ని మరో చిక్కుకు ఆపాదించుకోవడం వల్ల కుటుంబం అవసరం లేని చోట డబ్బు పెట్టి, అవసరమున్న చోట పెట్టకుండా ఉండిపోయింది. కుటుంబ సభ్యుల అనుమతితో రాస్తున్న ఈ వివరాలు ఇదే పనిలో ఉన్నవారికీ, ఇంట్లో రెండో మూడో టీవీకి స్టిక్ (టీవీకి తగిలించి ఇంటర్నెట్ వీడియోలు చూసే చిన్న పరికరం) కొనాలనుకుంటున్నవారికీ పనికివస్తాయని నమ్ముతున్నాను.

ఇల్లు, మనుషులు, టీవీలు

ఇల్లు మూడంతస్తులది. కింద ఇంటి పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశారు. మొదటి అంతస్తులో పెద్ద కొడుకు, కోడలు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు ఉంటారు. రెండో అంతస్తులో చిన్న కొడుకు, కోడలు ఉంటారు. చిన్న కొడుకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచే పనిచేస్తాడు. వంట ఒక్కచోటే. టీవీలు మాత్రం ఎవరి అంతస్తులో వారివే.

కింది హాల్లో 55 అంగుళాల 4కే స్మార్ట్ టీవీకి సెట్‌టాప్ బాక్స్, సౌండ్‌బార్ కలిపి ఉన్నాయి. కింది పడకగదిలో స్మార్ట్ సౌకర్యం లేని పాత 32 అంగుళాల టీవీకి, ఫోన్‌లోని వీడియోను టీవీలో ఆడించే క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరం పెట్టారు. మొదటి అంతస్తు హాల్లోని టీవీ స్మార్ట్ టీవీయే గానీ దాని సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్లు రావడం ఆగిపోయి, యాప్‌లు ఒక్కొక్కటిగా పనిచేయడం మానేశాయి. దానికి ఫైర్ టీవీ స్టిక్ తగిలించారు. అదే అంతస్తు పడకగదిలో మరో క్రోమ్‌కాస్ట్, రెండో అంతస్తులో 4కే టీవీకి మరో ఫైర్ టీవీ స్టిక్ ఉన్నాయి. మొదటి అంతస్తు హాల్లోని టీవీ విషయంలో వారు చేసింది సరైన పని. తెర బాగున్నంత కాలం, లోపలి సాఫ్ట్‌వేర్ పాతబడిందన్న కారణంతో టీవీని మార్చనక్కర్లేదు. స్టిక్ ఆ లోటును తక్కువ ఖర్చుతో తీరుస్తుంది.

ఫిర్యాదులు వారు చెప్పిన క్రమంలోనే రాసుకున్నాను. రాత్రి తొమ్మిదయ్యేసరికి మేడ మీది టీవీలో బొమ్మ ఆగిపోయి చక్రం తిరుగుతూ ఉంటుంది. ఒక సేవ “ఈ టీవీ మీ ఇంటికి చెందినది కాదు” అన్న అర్థం వచ్చే సందేశం చూపిస్తోంది. మరో సేవ పరిమితికి మించి పరికరాలున్నాయంటూ తెరుచుకోవడం లేదు. పెద్దాయన వినే ప్రవచనాల స్థానంలో యూట్యూబ్ కార్టూన్లు చూపిస్తోంది. క్రికెట్ మ్యాచ్ జరిగేటప్పుడు వికెట్ పడిన సంగతి కింద నుంచి వచ్చే కేకల ద్వారా మేడ మీదివారికి ముందే తెలిసిపోతోంది. పెద్దావిడ చెప్పిన సంగతి మాత్రం వీటన్నిటికంటే భిన్నమైనది: “పదకొండు దాటాక పడకగదిలో టీవీ తనంతట తనే వెలుగుతోంది బాబూ. గాలేమైనా సోకిందేమోనని భయమేసి ప్లగ్గు పీకేసి పడుకుంటున్నాను.”

నేను వెళ్లేనాటికే కుటుంబం రెండు పనులు చేసి ఉంది. బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ వేగాన్ని 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) నుంచి 300కు పెంచారు. మెట్ల దగ్గర ఒక వైఫై రిపీటర్ (సంకేతాన్ని అందుకుని మరింత దూరం పంపే పరికరం) పెట్టారు. మొదటిది ఏ తేడా తేలేదు. రెండోది కొత్త చిక్కులు తెచ్చింది.

ముందుగా కాగితం మీద లెక్క

ఇలాంటి ఇంటికి వెళ్లినప్పుడు నేను మొదట పరికరాలను ముట్టుకోను. ఎవరు, ఏ గదిలో, ఏ వేళకు, ఏమి చూస్తారన్నది అందరినీ కూర్చోబెట్టి రాయించుకుంటాను. ఈ కాగితం లేకుండా మొదలుపెట్టిన అమరికలు నెల తిరక్కుండానే మళ్లీ మొదటికి వస్తాయి, ఎందుకంటే తీగలకూ ఖాతాలకూ కూడా కొలత మనుషుల అలవాట్లే.

ఈ ఇంట్లో ఒత్తిడి ఎక్కువగా ఉండేది రాత్రి ఎనిమిదిన్నర నుంచి పది వరకు. ఆ వేళలో కింది హాల్లో సీరియళ్లు సెట్‌టాప్ బాక్స్ మీదే నడుస్తాయి, వాటికి ఇంటర్నెట్ అక్కర్లేదు. పడకగదిలో పెద్దాయనకు యూట్యూబ్‌లో ప్రవచనం, మొదటి అంతస్తు హాల్లో సినిమా, లోపలి గదిలో పిల్లలకు కార్టూన్, రెండో అంతస్తులో 4కే వెబ్ సిరీస్ నడుస్తాయి. నెట్‌ఫ్లిక్స్ చేసే సిఫారసు ప్రకారం 720పీ నాణ్యతకు 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కేకి 15 ఉంటే చాలు. మిగతా సేవల అవసరమూ ఇంచుమించు ఇదే స్థాయిలో ఉంటుంది. అంటే నాలుగు టీవీలకూ కలిపి సుమారు 30 ఎంబీపీఎస్. ఫోన్లు, లాప్‌టాప్‌లు కలిపినా పాత 100 ఎంబీపీఎస్ ప్లానే ఈ ఇంటికి సరిపోయేది. కాబట్టి లోపం బయటి నుంచి ఇంట్లోకి వచ్చే దారిలో లేదని, ఇంట్లోకి వచ్చాక టీవీ దాకా చేరే దారిలో ఉందని కాగితం దగ్గరే అనుమానం కలిగింది.

కొలతలు

ఫైబర్ మోడెమ్‌కు లాప్‌టాప్‌ను నేరుగా తీగతో కలిపి చూస్తే ప్లాన్‌లో చెప్పిన వేగం దాదాపు పూర్తిగా వచ్చింది. రెండో అంతస్తు టీవీ దగ్గర నిలబడి ఫోన్‌లో కొలిస్తే 30 ఎంబీపీఎస్ చుట్టూ వచ్చింది. అదే చోట, అదే సమయంలో స్టిక్‌లో కొలిస్తే 4 నుంచి 6 మధ్య ఊగిసలాడింది. ఫైర్ టీవీలో సెట్టింగ్స్‌కు వెళ్లి, నెట్‌వర్క్ పేరు మీద నిలిచి, రిమోట్‌లోని ప్లే బొత్తాం నొక్కితే ఈ పరీక్ష చేసుకోవచ్చు. ఇంటివారికి మొదట నేర్పవలసింది ఇదే. ఫోన్‌లో వేగం బాగుంది కాబట్టి టీవీలోనూ బాగుంటుందనే భ్రమ చాలా ఇళ్లలో ఉంటుంది. ఫోన్ గది మధ్యలో చేతిలో ఉంటుంది. స్టిక్ మాత్రం టీవీ వెనుక, గోడకూ లోహపు పలకకూ నడుమ నాలుగు వేళ్ల సందులో ఉంటుంది. దానిలోని చిన్న యాంటెన్నాకు అందే సంకేతం ఫోన్‌కు అందే దానికంటే ఎంతో బలహీనం.

టీవీని గోడ మీది స్టాండ్ నుంచి కొద్దిగా పక్కకు తిప్పి వెనుక చూశాను. స్టిక్ నేరుగా హెచ్‌డీఎంఐ పోర్టులో గుచ్చి ఉంది. డబ్బాలో దానితో పాటు ఇచ్చే జానెడు లోపు పొడిగింపు తీగను వాడలేదు. విద్యుత్తు టీవీ యూఎస్‌బీ పోర్టు నుంచే తీసుకున్నారు. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్ మాత్రమే. స్టిక్‌తో వచ్చే అడాప్టర్ 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ ఇస్తుంది. విద్యుత్తు చాలని స్టిక్, భారమైన వీడియో ఆడుతున్నప్పుడు తనంతట తను ఆగి మళ్లీ మొదలవుతుంది. చూసేవారు దాన్ని కూడా నెట్ ఖాతాలోనే వేస్తారు. టీవీ ఆపగానే స్టిక్ కూడా ఆగిపోవడం వల్ల రాత్రివేళ దిగవలసిన అప్‌డేట్లు దిగవు, మర్నాడు టీవీ పెట్టిన వెంటనే దిగడం మొదలవుతాయి. ఆ గది పడమటి గోడకు ఎండ నేరుగా తగులుతుంది. వేసవి సాయంత్రం టీవీ వెనుక చెయ్యి పెడితే వేడి తెలుస్తుంది, ఆ వేడిలో స్టిక్ మరీ నెమ్మదిస్తుంది. పొడిగింపు తీగతో స్టిక్‌ను టీవీ అంచు దాకా తెచ్చి, దాని సొంత అడాప్టర్‌ను గోడ ప్లగ్గుకు పెట్టగానే, మరేమీ మార్చకముందే, వేగం రెట్టింపుకు పైగా పెరిగింది. ఈ రెండు చిన్న మార్పులకు ఖర్చు ఏమీ లేదు. స్టిక్ వాడే ప్రతి ఇంట్లో ముందుగా ఇవి సరిచూసుకోవాలని గట్టిగా చెబుతాను.

మోడెమ్ ఉన్న చోటు మరో కారణం. కింది హాల్లో టీవీ యూనిట్ కింద, చెక్క తలుపుల వెనుక, సెట్‌టాప్ బాక్స్ పక్కన దాన్ని పెట్టారు. అక్కడి నుంచి రెండో అంతస్తుకు చేరాలంటే సంకేతం రెండు కాంక్రీటు శ్లాబులు దాటాలి. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు అంత దూరం చేరవు. చేరేది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే. ఆ శ్రేణిలో ఒకదానితో ఒకటి కలవని చానళ్లు 1, 6, 11 అనే మూడే. ఇళ్లు ఆనుకుని ఉండే కాలనీలో చుట్టుపక్కల రౌటర్లన్నీ ఆ మూడింటినే పంచుకుంటాయి. రాత్రి తొమ్మిదింటికి అందరూ టీవీల ముందు కూర్చుంటారు, అదే వేళకు ఈ ఇంట్లో చక్రం తిరగడం మొదలవుతుంది. ప్లాన్ 300 అయినా 500 అయినా ఈ స్థితి మారదు.

అర్ధరాత్రి వెలిగే టీవీ

పెద్దావిడ చెప్పిన సంగతిని కుటుంబంలో ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు. నాకు మాత్రం ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైన ఆధారం అదే అయింది.

మెట్ల దగ్గరి రిపీటర్‌ను దాన్ని అమర్చినవారు రౌటర్ పద్ధతిలో పెట్టారు. అంటే అది మోడెమ్ నెట్‌వర్క్‌ను పొడిగించడం లేదు, దాని కింద వేరే నెట్‌వర్క్‌ను సృష్టిస్తోంది. దాని పేరు వేరు, పరికరాలకు అది ఇచ్చే చిరునామాల వరుస వేరు. మొదటి అంతస్తు పడకగదిలోని క్రోమ్‌కాస్ట్ ఈ రెండో నెట్‌వర్క్‌లో చేరింది. పెద్ద కొడుకు ఫోన్ మాత్రం అసలు నెట్‌వర్క్‌నే గుర్తుపెట్టుకుని ఉంది. ఫోన్ నుంచి టీవీకి కాస్ట్ చేయాలంటే, అంటే ఫోన్‌లోని వీడియోను టీవీలో ఆడించాలంటే, రెండూ ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆయన రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో ఏదో వీడియో తెరిచి కాస్ట్ గుర్తు నొక్కితే, ఎదురుగా ఉన్న టీవీ జాబితాలో కనిపించదు. కనిపించేది కింది పడకగదిలోని క్రోమ్‌కాస్ట్ ఒక్కటే. రెండిటికీ పెట్టెలోంచి తీసినప్పటి పేర్లే ఉన్నాయి కాబట్టి, కనిపించినది తన టీవీయే అనుకుని దాన్నే ఎంచుకుంటున్నారు. ఆయన ఎదుట ఏమీ జరగదు, “మళ్లీ పనిచేయడం లేదు” అనుకుని వదిలేస్తారు. అదే క్షణంలో కింద టీవీ వెలుగుతుంది.

టీవీ దానంతట అదే వెలగడానికి కారణం హెచ్‌డీఎంఐలోని సీఈసీ అనే సౌకర్యం. తగిలించిన పరికరం మేల్కొంటే టీవీని కూడా మేల్కొలిపి, ఇన్‌పుట్‌ను తన వైపు తిప్పుకోవడానికి ఇది వీలు కల్పిస్తుంది. శాంసంగ్ టీవీల్లో దీన్ని ఎనీనెట్ ప్లస్ అని, ఎల్‌జీలో సింప్లింక్ అని, సోనీలో బ్రావియా సింక్ అని పిలుస్తారు. ఒక్క టీవీ ఉన్న ఇంట్లో ఇది చక్కటి సౌలభ్యం. పలు టీవీలున్న ఇంట్లో మాత్రం ప్రతి గదికీ ఆలోచించి పెట్టాలి. పెద్దవాళ్ల పడకగది టీవీలో దీన్ని పూర్తిగా ఆపేశాను. అన్ని పరికరాలకూ “కింది హాలు”, “అమ్మ గది”, “పిల్లల గది” అని తెలుగులోనే పేర్లు పెట్టాను. నెట్‌వర్క్ ఒకటే అయ్యాక ఎవరి ఫోన్‌లోనైనా అన్ని టీవీలూ కనిపిస్తాయి కాబట్టి, పేర్లు స్పష్టంగా లేకపోతే పాత పొరపాటే మళ్లీ జరుగుతుంది. అలాగే ఒక టీవీలో ఆడుతున్నదాన్ని ఇంట్లోని ఇతర ఫోన్ల నుంచి ఆపడానికీ మార్చడానికీ గూగుల్ హోమ్ యాప్‌లో డిఫాల్ట్‌గా ఉండే అనుమతిని కూడా తీసేశాను. ప్రవచనం మధ్యలో టీవీ ఎందుకు ఆగిపోతోందో పెద్దాయనకు అప్పుడే అర్థమైంది: పిల్లలు తమ ఫోన్‌లో వచ్చిన నోటిఫికేషన్‌ను నొక్కుతున్నారు.

వద్దని చెప్పిన ఉపాయం

“పూర్వం కేబుల్ తీగ ఒకటే వచ్చేది, చిన్న డబ్బా పెట్టి నాలుగు గదులకు పంచుకునేవాళ్లం. ఇప్పుడు కూడా ఒకే స్టిక్ కొని అన్నిటికీ పంచలేమా?” అని పెద్దాయన అడిగారు. ఇది సమంజసమైన ప్రశ్న, చాలామంది అడిగే ప్రశ్న. అనలాగ్ కేబుల్ రోజుల్లో చానళ్లన్నీ ఆ తీగలోనే వచ్చేవి. స్ప్లిటర్ వాటన్నిటినీ పంచేది, ఏ టీవీ కావలసిన చానల్‌ను ఆ టీవీయే ఏరుకునేది. 2013 మార్చి 31 గడువుతో విశాఖకు డిజిటల్ కేబుల్ వచ్చాక ఆ ఏరుకునే పని సెట్‌టాప్ బాక్స్‌కు మారింది కాబట్టే టీవీకొక బాక్స్ కావలసి వచ్చింది. స్టిక్ విషయమూ అంతే. ఒక స్టిక్ ఒక సమయంలో ఒకే చిత్రాన్ని బయటకు పంపుతుంది. హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెడితే అన్ని గదుల్లోనూ అదే చిత్రం కనబడుతుంది, రిమోట్ ఒకరి చేతిలోనే ఉంటుంది. పైగా 4కే టీవీతో పాటు పాత టీవీని ఒకే స్ప్లిటర్‌కు కలిపితే, సాధారణంగా చిత్రం పాత టీవీ స్థాయికే దిగిపోతుంది. 4కే ప్రసారాలకు అవసరమైన, నకలు తీయకుండా కాపాడే హెచ్‌డీసీపీ 2.2 రక్షణను దారిలోని ఏ పరికరం గుర్తించకపోయినా బొమ్మ నాణ్యత తగ్గుతుంది, లేదా తెర నల్లగా ఉండిపోతుంది. హోటల్ లాబీలో అన్ని తెరల మీదా ఒకే దృశ్యం కావాలంటే స్ప్లిటర్ సరైనదే. కుటుంబంలో ప్రతి టీవీకీ సొంత పరికరం ఉండటమే సరి.

తీగ పని

నా నిర్ణయం సూటిగా చెప్పాను: టీవీ గోడ మీద నుంచి కదలదు కాబట్టి వీలైనంత వరకు దానికి తీగ ద్వారానే నెట్ ఇవ్వాలి, గాలిలోని దారిని ఫోన్లకు వదిలేయాలి. నాలుగు టీవీలు వైఫై మీద నుంచి దిగిపోతే మిగిలిన ఒక టీవీకీ, ఫోన్లకూ కూడా మేలు జరుగుతుంది.

గోడలు కొట్టాల్సి వస్తుందేమోనని కుటుంబం వెనుకాడింది. గోడల్లో అప్పటికే దారి ఉంది. ఇల్లు కట్టినప్పుడు డాబా మీది డిష్ నుంచి ప్రతి హాలుకూ కోయాక్సియల్ తీగ (డిష్ సంకేతాన్ని తెచ్చే తీగ) కోసం పైపులు వేశారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఆ డిష్‌ను ఎగరగొట్టాక కుటుంబం కేబుల్ కనెక్షన్‌కు మారింది. పాత తీగలు పైపుల్లోనే ఉండిపోయాయి. డాబా మీద వాటి చివరలు ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టాయి గానీ లోపలి భాగం గట్టిగానే ఉంది. ఆ తీగ చివరకు కొత్త క్యాట్ 6 రకం నెట్‌వర్క్ తీగను జత చేసి, కట్టు లావు కాకుండా చివర సన్నగా వచ్చేలా టేపు చుట్టి, కొంచెం సబ్బు నీళ్లు రాసి, కింద ఒకరు నెమ్మదిగా లాగుతుంటే పైన మరొకరు మెలిక పడకుండా తీగ వదిలాము. లాగేవారికీ వదిలేవారికీ మాట పొందిక ఉండాలి. ఎక్కడ బిగిసినా బలం పెట్టకూడదు, వెనక్కి తీసి మళ్లీ వదలాలి. మొదటి అంతస్తు బెండు దగ్గర ఒకసారి బిగిసింది. జంక్షన్ బాక్స్ మూత తీసి చూస్తే, రంగులు వేసినప్పుడు పడిన సున్నం ముద్ద పైపు మూతికి అడ్డుపడి ఉంది. దాన్ని తీశాక తీగ సాఫీగా దిగింది. కరెంటు తీగలున్న పైపులో నెట్ తీగను ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. ఈ ఇంట్లో టీవీ పైపులు విడిగా ఉండటం అదృష్టం.

తీగ కొనేటప్పుడు పూర్తి రాగి తీగనే ఎంచుకోమని పట్టుబట్టాను. అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ తక్కువ ధరకు దొరుకుతుంది, కొత్తగా ఉన్నప్పుడు పనిచేస్తుంది కూడా. కానీ అది వంపుల దగ్గర సులభంగా విరుగుతుంది. సముద్రానికి ఇంత దగ్గరలో ఉన్న ఇంట్లో అయితే తీగ చివర కనెక్టర్ బిగించిన చోట తేమ చేరి త్వరగా పాడవుతుంది. గోడలో ఒక్కసారే వేసే వస్తువులో పొదుపు చూసుకోవడం మంచిది కాదు.

మోడెమ్‌ను చెక్క అర నుంచి బయటకు తీసి, మెట్ల గోడ మీద గాలి ఆడే చిన్న పెట్టెలో అమర్చాము. దాని పక్కన ఒక నెట్ కనెక్షన్‌ను పలు తీగలకు పంచే ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ పెట్టి, అక్కడి నుంచి టీవీలకు తీగలు ఇచ్చాము. ఒకటి, రెండు అంతస్తుల సీలింగుకు తీగతోనే కలిపిన ఒక్కో యాక్సెస్ పాయింట్ (వైఫైని వెదజల్లే పరికరం) పెట్టి, మూడు అంతస్తులకూ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాము. రిపీటర్‌ను తీసేశాము. మొదటి అంతస్తు హాల్లోనూ రెండో అంతస్తులోనూ ఫైర్ టీవీ స్టిక్‌లకు నెట్ తీగ తగిలించే ఈథర్నెట్ అడాప్టర్లు వేశాము. వాటి గరిష్ఠ వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే అయినా 4కే వీడియోకు అది చాలినంత కంటే ఎక్కువే. కింది హాలు టీవీకి సొంత పోర్టు ఉంది. కింది పడకగది క్రోమ్‌కాస్ట్‌కు దాని కోసం దొరికే ఈథర్నెట్ పోర్టున్న అడాప్టర్ వాడాము. మోడెమ్‌కూ స్విచ్‌కూ యాక్సెస్ పాయింట్లకూ ఇన్వర్టర్ లైన్ ఇచ్చాము. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇవన్నీ మొదటి నుంచి లేవడానికి పట్టే సమయంలో, స్టిక్‌లు నెట్ లేదనుకుని దోష సందేశాలు చూపించేవి. ఆ బెడద పోయింది.

ఖాతాలు, హక్కులు

తీగ పని ఎంత చక్కగా చేసినా సగం ఫిర్యాదులు ఖాతాల దగ్గరే మిగిలి ఉంటాయి. ఒక ఇంట్లో ఎన్ని టీవీలు పెట్టుకోవచ్చన్నది పరికరాల సంఖ్య నిర్ణయించదు, ప్రతి సేవా తన ప్లాన్‌లో ఇచ్చే హక్కు నిర్ణయిస్తుంది. నెట్‌ఫ్లిక్స్ స్టాండర్డ్ ప్లాన్‌లో ఒకేసారి రెండు తెరలు, ప్రీమియంలో నాలుగు తెరలు అనుమతిస్తారు. అమెజాన్ ప్రైమ్ వీడియో 2025 జనవరి నుంచి భారత్‌లో ఒక సభ్యత్వానికి అయిదు పరికరాలు, వాటిలో గరిష్ఠంగా రెండు టీవీలు అనే నియమం పెట్టింది. అయిదు టీవీలున్న ఇంట్లో ఈ నియమం తెలియకపోతే, మూడో టీవీలో యాప్ తెరుచుకోనప్పుడు స్టిక్ పాడైందనే అనుకుంటారు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం తేలింది. అన్నదమ్ములిద్దరూ ఈ రెండు సేవలకూ ఎవరికి వారు విడివిడిగా డబ్బు కడుతున్నారు. రెండేసి సభ్యత్వాలు వృథా అనే అభిప్రాయంతో ప్రతి సేవలోనూ ఒక్కొక్కటి రద్దు చేయాలనుకున్నారు. నేను ఒక సేవలోనే రద్దు చేయమన్నాను. నాలుగు తెరలిచ్చే నెట్‌ఫ్లిక్స్‌కు ఒక సభ్యత్వం ఈ ఇంటికి చాలు. ప్రైమ్ విషయంలో మాత్రం రెండు సభ్యత్వాలు ఉంటేనే నాలుగు టీవీలు వస్తాయి కాబట్టి, వాటిని ఉంచుకుని ఏ ఖాతా ఏ టీవీలో ఉండాలో కాగితం మీద రాసి పంచాము. పెద్దాయన గదిలో ప్రైమ్ అవసరమే లేదని ఆయనే చెప్పారు. అమ్మేసిన పాత టీవీ పేరు కూడా ఒక ఖాతాలో ఇంకా నమోదై ఉంది. దాన్ని తొలగించగానే ఒక స్థానం ఖాళీ అయింది. టీవీని అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా ఖాతా పరికరాల జాబితాలోంచి తీసేయడం మరచిపోకూడదు.

“మీ ఇంటికి చెందినది కాదు” అన్న సందేశానికి మూలం కూడా ఇంట్లోనే ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలైలో భారత్‌లో ఖాతాను ఒకే నివాసానికి పరిమితం చేసింది. పరికరాలు ఏ ఇంటర్నెట్ కనెక్షన్ మీద ఉన్నాయన్నది ఆ గుర్తింపులో ముఖ్యమైన అంశం. రెండో అంతస్తులో వేగం రాక విసిగిపోయిన చిన్న కొడుకు, ఆఫీసు పని కోసం వేరే సంస్థ నుంచి తెప్పించుకున్న రెండో బ్రాడ్‌బ్యాండ్‌కు టీవీని కూడా కలిపాడు. ఒకే కప్పు కింద ఉన్న టీవీ సేవ దృష్టిలో మరో ఇంటి టీవీ అయిపోయింది. ఆ రెండో కనెక్షన్‌ను ఆఫీసు లాప్‌టాప్‌కు మాత్రమే ఉంచి, టీవీలన్నిటినీ మొదటి కనెక్షన్ కిందకు తెచ్చాక ఆ సందేశం మళ్లీ రాలేదు. అంతస్తుకొక బ్రాడ్‌బ్యాండ్ పెట్టుకోవడం మన ఊళ్లో మామూలైపోయింది కనుక ఈ సంగతిని ప్రత్యేకంగా గమనించాలి.

ప్రొఫైళ్ల పని చిన్నదే గానీ కుటుంబానికి ఎక్కువ సంతృప్తినిచ్చింది. పెద్దాయన టీవీకి ఆయన పేరున విడి యూట్యూబ్ ఖాతా పెట్టాము. పిల్లల గదికి పిల్లల ప్రొఫైల్, పెద్దల ప్రొఫైళ్లకు పిన్, స్టిక్‌లో కొనుగోళ్లకు మరో పిన్ పెట్టాము. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీ సేవలు తమ కార్యక్రమాలకు యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అనే వర్గీకరణ ఇవ్వాలి, 13+ ఆపైన ఉన్నవాటికి తాళం వేసుకునే వీలు కల్పించాలి. ఆ సౌకర్యం చాలా ఇళ్లలో వాడకుండా పడి ఉంటుంది. పిల్లల చేతికి రిమోట్ వెళ్లే ప్రతి టీవీలోనూ దాన్ని పెట్టించడం నా బాధ్యతగా భావిస్తాను.

సరిచేయలేనిది

మ్యాచ్ విషయంలో మాత్రం పూర్తి పరిష్కారం లేదని మొదటే చెప్పాను. స్ట్రీమింగ్‌లో ప్రత్యక్ష ప్రసారాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. ప్రతి పరికరం కొన్ని ముక్కలు కూడబెట్టుకున్నాకే ఆడటం మొదలుపెడుతుంది. అందుకే స్ట్రీమింగ్ సాధారణంగా సెట్‌టాప్ బాక్స్ కంటే వెనుకే ఉంటుంది, ఒకే యాప్ నడుస్తున్న రెండు స్టిక్‌లు కూడా ఒకదానితో ఒకటి కలవకపోవచ్చు. తీగ వేసినా, ప్లాన్ పెంచినా ఈ తేడా పోదు. విశాఖలోనే ఉన్న పీఎం పాలెం క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ ఉన్న రోజున ఇంటికొచ్చిన చుట్టాలతో మూడు అంతస్తులూ నిండిపోతాయని కోడళ్లు చెప్పారు. అలాంటి రోజున కింది హాల్లో కూడా సెట్‌టాప్ బాక్స్ ఆపి, మిగతా అంతస్తుల్లో వాడే యాప్‌లోనే మ్యాచ్ పెట్టుకుంటే తేడా తగ్గుతుందని సూచించాను. తర్వాత వారు చూసి చెప్పిన మాట ప్రకారం కేకల మధ్య ఎడం బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పని ముగిశాక రాత్రి తొమ్మిదింటికి అన్ని టీవీలనూ ఒకేసారి పెట్టించి చూశాను. రెండో అంతస్తు స్టిక్‌లో వేగం 90 ఎంబీపీఎస్ దాటింది, 4కే చిత్రం ఎక్కడా ఆగలేదు. ఆ నెల గడిచాక కుటుంబం ప్లాన్‌ను తిరిగి 100కు తగ్గించుకుంది, ఫిర్యాదు రాలేదు. ఏ టీవీ ఏ పోర్టుకు కలిసిందో, ఏ ఖాతా ఎక్కడుందో రాసిన కాగితాన్ని మెట్ల దగ్గరి పెట్టె తలుపు లోపలి వైపు అతికించాను. మొదటి అంతస్తు పడకగదికి మాత్రం పైపు లేనందున ఆ క్రోమ్‌కాస్ట్ ఇంకా 5 గిగాహెర్ట్జ్ వైఫై మీదే ఉంది. యాక్సెస్ పాయింట్ తలుపుకు ఎదురుగానే ఉన్నందువల్ల ప్రస్తుతానికి ఇబ్బంది లేదు. వచ్చే సంక్రాంతికి ముందు ఆ అంతస్తుకు రంగులు వేయిస్తామన్నారు. అప్పుడు అటక పక్కగా ఒక పైపు వేయించి ఉంచమని, తీగ తర్వాతైనా లాగవచ్చని చెప్పి వచ్చాను.